పాత సిస్టంలో విండోస్ 11: ‘నడుస్తుంది’ అంటే ఎంతవరకు?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ అని తేడా లేకుండా కంప్యూటర్ షాపులకు వచ్చేవాళ్లు ఒకటే అడుగుతున్నారు: “మా పాత సిస్టంలో విండోస్ 11 పడుతదా?” జవాబు కూడా చాలావరకు ఒకటే: “పడుతది, వేసిస్తం.” అందులో అబద్ధం లేదు. మైక్రోసాఫ్ట్ వద్దన్న సిస్టంలలో కూడా చాలావాటిలో విండోస్ 11 ఎక్కుతుంది, చక్కగానే నడుస్తుంది. అయితే డబ్బు పెట్టేవాళ్లు, అందులో తమ లెక్కలూ సర్టిఫికెట్లూ దాచుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఎక్కుతుందా లేదా అన్నది మాత్రమే కాదు. ఎక్కిన ఏడాదికి, రెండేళ్లకు ఆ సిస్టం పరిస్థితి ఏమిటన్నది ఇంకా ముఖ్యం.

మన దగ్గర దీనికి ఇంకో కోణం ఉంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచో, ఆన్‌లైన్‌లోనో పాత కార్పొరేట్ ల్యాప్‌టాప్‌లు కొనుక్కునే విద్యార్థులు వరంగల్‌లో చాలామంది. వాటిలో ఎక్కువ భాగం ఆరో, ఏడో జనరేషన్ ప్రాసెసర్లవి, చాలాసార్లు విండోస్ 11 వేసే అమ్ముతున్నారు. అంటే సపోర్ట్ లేని సిస్టంలో విండోస్ 11 వాడాలా వద్దా అని ఆలోచించే అవకాశం కూడా రాకుండానే, చాలామంది ఇప్పటికే దాన్ని వాడుతున్నారు.

సపోర్ట్ అనే మాటలో మూడు సంగతులున్నాయి

సపోర్ట్ ఉంది, లేదు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. మొదటిది, ఆ సాఫ్ట్‌వేర్ ఆ సిస్టంలో నడవడం. రెండోది, దానికి అప్‌డేట్లు రావడం. మూడోది, అప్‌డేట్లు ఇస్తూనే ఉంటామని, సమస్య వస్తే పట్టించుకుంటామని కంపెనీ మాట ఇవ్వడం. పాత సిస్టంలో విండోస్ 11 వేస్తే మొదటిది దొరుకుతుంది, రెండోది కొంతవరకు దొరుకుతుంది, మూడోది అసలు దొరకదు. గందరగోళమంతా ఈ మూడింటినీ ఒకటిగా చూడడం వల్లే.

అప్‌డేట్ రాకపోతే సిస్టం ఆగిపోదు. అక్టోబర్ 14 దాటినా విండోస్ 10 సిస్టంలు మరునాడు పొద్దున మామూలుగానే ఆన్ అయ్యాయి. నష్టం కనబడకుండా పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి నెలా కొత్త లోపాలు బయటపడుతుంటాయి, కంపెనీ వాటిని పూడుస్తుంటుంది. పూడ్చిన సంగతి ప్రకటించగానే, పూడ్చని సిస్టంలలో ఆ లోపం ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి 2017 మే నెలలో జరిగింది ఇలాగే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోనివాళ్ల సిస్టంలు రెండు నెలల తర్వాత లాక్ అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డట్టు అప్పట్లో వార్తలొచ్చాయి.

విండోస్ 11 అడిగేవి ఏమిటి

4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, 64-బిట్ ప్రాసెసర్. వీటి దగ్గర ఆగిపోయే సిస్టంలు తక్కువే. అసలు అడ్డు మిగతా మూడింటి దగ్గర వస్తుంది.

ఒకటి టీపీఎం 2.0. మదర్‌బోర్డు మీద విడిగా గానీ, ప్రాసెసర్ లోపలే గానీ ఉండే చిన్న భద్రతా భాగం ఇది. బీరువాలో విడిగా తాళం ఉండే లాకర్ లాంటిది. పాస్‌వర్డ్‌లకు, డిస్క్ లాక్‌కు సంబంధించిన రహస్య తాళాలు విండోస్‌కు కూడా నేరుగా చేతికి రాకుండా ఇందులో ఉంటాయి. రెండోది సెక్యూర్ బూట్. సిస్టం ఆన్ అయ్యేటప్పుడు విండోస్ కంటే ముందే వేరే ప్రోగ్రాం దూరకుండా ఇది కాపలా కాస్తుంది. మూడోది ప్రాసెసర్ జాబితా. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే ఆ జాబితాలో ఉన్నాయి.

మీ ప్రాసెసర్ ఏ జనరేషనో దాని పేరులోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టం, అబౌట్‌కు వెళ్తే పేరు కనిపిస్తుంది. ఐ5-6300యూ అని ఉంటే అడ్డగీత తర్వాతి మొదటి అంకె 6, అంటే ఆరో జనరేషన్. ఐ5-8250యూ అంటే ఎనిమిదోది. అంకెలు ఐదు ఉంటే మొదటి రెండూ కలిపి చదవాలి: ఐ5-10210యూ పదో జనరేషన్. “ఐ5 ల్యాప్‌టాప్, ఐ7 ల్యాప్‌టాప్” అని అమ్మేవాళ్లు చెప్పే మాటతో ఈ విషయం తేలదు. నాలుగో జనరేషన్ ఐ7 జాబితాలో లేదు, ఎనిమిదో జనరేషన్ ఐ3 ఉంది. ఏఎండీలో ఈ లెక్క పూర్తిగా పనిచేయదు. పేరులో 2000 సిరీస్ అంకె ఉన్నా లోపల అంతకుముందు తరం డిజైన్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు ఉన్నాయి. అందుకని మైక్రోసాఫ్ట్ జాబితాలో పేరు వెతికి చూసుకోవడమే దారి.

‘పనికిరాదు’ అని వచ్చిన సిస్టంలన్నీ ఒకటి కావు

మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రాం సిస్టంను చూసి విండోస్ 11కు పనికివస్తుందో లేదో చెబుతుంది. లేదని రాగానే చాలామంది ఆశ వదులుకుంటారు, లేదా ఈ తనిఖీని తప్పించి విండోస్ 11 వేసే అడ్డదారికి నేరుగా వెళ్తారు. రెండూ తొందరపాటే కావచ్చు.

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణం ఉందనుకుందాం. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ కోసం 2018లో అసెంబుల్ చేయించిన సిస్టం, ప్రాసెసర్ ఐ5-8400. టీపీఎం లేదు, సెక్యూర్ బూట్ లేదు అని మెసేజ్ వచ్చింది. నిజానికి ఆ ప్రాసెసర్ జాబితాలో ఉంది. టీపీఎం పని చేసే భాగం అందులోనే ఉంది, ఇంటెల్ దాన్ని పీటీటీ అంటుంది. అప్పట్లో అసెంబుల్ చేసిన చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, అది ఆఫ్‌లోనే ఉండేది. ఇక సెక్యూర్ బూట్ లేదనడానికి కారణం, విండోస్‌ను పాత పద్ధతి బూటింగ్‌లో వేయడం. ఆ పద్ధతిలో డిస్క్ భాగాల వివరం ఎంబీఆర్ అనే రూపంలో ఉంటుంది, కొత్త పద్ధతికి జీపీటీ అనే రూపం కావాలి. 2017 నుంచి విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఫైళ్లు పోకుండా దాన్ని మారుస్తుంది. డిస్క్ నిర్మాణాన్ని ముట్టుకునే పని కాబట్టి టాలీ డేటా ముందే బయట భద్రంగా ఉండాలి. ఇదంతా అయ్యాక ఆ సిస్టం పూర్తి సపోర్ట్ ఉన్న సిస్టం. అడ్డదారి అవసరమే లేదు. ఇలాంటి సిస్టంకు షాపువాళ్లు అడ్డదారిలో విండోస్ 11 వేసిస్తే, దొరకాల్సిన హామీ దొరక్కుండా పోయినట్టే.

రెండో రకం, టీపీఎం ఉన్నా ప్రాసెసర్ జాబితాలో లేనివి. ఆరో, ఏడో జనరేషన్ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఇవే. వీటిని బయోస్‌లో ఏ మీట నొక్కినా జాబితాలోకి తేలేం. ఈ వ్యాసంలో అసలు చర్చ వీటి గురించే.

మూడో రకం పూర్తిగా మూసుకుపోయిన తలుపు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ4.2 అనే ప్రాసెసర్ ఆదేశాలు లేకపోతే విండోస్ 11 బూట్ కూడా కాదు. కోర్ 2 డ్యుయో, ఆ కాలపు డ్యుయల్ కోర్ సిస్టంలు ఈ కోవలోకి వస్తాయి. పాత జూనియర్ కాలేజీ ల్యాబుల్లో, జిరాక్స్ సెంటర్లలో ఇవి ఇంకా కనిపిస్తుంటాయి. వీటిలో ఏ చిట్కా పనిచేయదు. 32-బిట్ విండోస్ 10 ఉన్న సిస్టంలకు ఇంకో సంగతి: విండోస్ 11లో 32-బిట్ వెర్షనే లేదు, కాబట్టి ప్రాసెసర్ మంచిదైనా మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

గీత అక్కడే ఎందుకు గీశారు

మైక్రోసాఫ్ట్ చెప్పే కారణాలు రెండు. మొదటిది భద్రత. విండోస్ లోపలి కీలక భాగాన్ని ప్రాసెసర్ సాయంతో విడిగా కాపాడే ఏర్పాటు ఒకటుంది. మెమరీ ఇంటిగ్రిటీ దాని పేరు. పాత ప్రాసెసర్లలో దీన్ని ఆన్ చేస్తే పనంతా సాఫ్ట్‌వేర్ మీద పడి వేగం తగ్గుతుంది. రెండోది నిలకడ. 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఒక లెక్క ఇచ్చింది: ముందస్తు పరీక్షల్లో, అర్హత లేని సిస్టంలలో లోపలి స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువగా కనిపించాయని, అర్హత ఉన్నవాటిలో 99.8 శాతం క్రాష్ లేకుండా నడిచాయని చెప్పింది.

ఈ లెక్కను కాస్త ఆగి చదవాలి. 52 శాతం ఎక్కువ అంటే భయమేస్తుంది. కానీ క్రాష్‌లే చాలా అరుదైనప్పుడు అరుదైనదానికి సగం కలిపినా అరుదుగానే ఉంటుంది. సిస్టంలలో సగం క్రాష్ అవుతాయని ఆ మాటకు అర్థం కాదు.

విమర్శకుల వాదనలోనూ బలం ఉంది. 2016 జులై చివరి నుంచి కొత్త విండోస్ 10 మోడళ్లలో టీపీఎం 2.0 తప్పనిసరి చేసింది మైక్రోసాఫ్టే. దాంతో 2017లో కొన్న ఏడో జనరేషన్ ల్యాప్‌టాప్‌లలో టీపీఎం ఉంది, సెక్యూర్ బూట్ ఉంది. మెమరీ ఇంటిగ్రిటీని వేగంగా నడిపే సదుపాయం కూడా ఇంటెల్‌లో ఏడో జనరేషన్ నుంచే ఉందని మైక్రోసాఫ్ట్ పత్రాలే చెబుతాయి. అయినా ఏడో జనరేషన్‌లో కొన్ని మినహాయింపులు తప్ప మిగతావన్నీ గీత అవతలే ఉన్నాయి. అటు ఏఎండీలో అలాంటి సదుపాయం లేని రైజెన్ 2000 ప్రాసెసర్లు గీత ఇవతల ఉన్నాయి. అంటే గీతను ఏ ఒక్క సాంకేతిక కారణమూ పూర్తిగా వివరించలేదు. ఎన్ని రకాల సిస్టంలకు డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాములు) పరీక్షించాలి, ఎక్కడ ఆపాలి అన్న వ్యాపార నిర్ణయం కూడా అందులో కలిసి ఉందనుకోవడమే సబబుగా కనిపిస్తుంది.

వ్యర్థాల లెక్క ఇంకొకటి. విండోస్ 10 గడువు వల్ల దాదాపు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి చేరవచ్చని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 చివర్లో అంచనా వేసింది. అది అంచనా మాత్రమే. మన దగ్గర కంప్యూటర్ అంత త్వరగా చెత్తలోకి పోదు, అన్న నుంచి తమ్ముడికి, ఆఫీసు నుంచి ట్యూషన్ సెంటర్‌కు చేతులు మారుతుంది. అందుకే సపోర్ట్ లేని సిస్టంల సమస్య ఇక్కడ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది.

అడ్డు దాటించి వేస్తే ఏం జరుగుతుంది

ఇందులో రహస్యమేమీ లేదు. 2021లో మైక్రోసాఫ్ట్ తానే రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టిక) మార్పుతో ఒక పద్ధతి ప్రకటించింది, 2025 మొదట్లో ఆ పేజీ నుంచి తీసేసింది. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాం పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడే ఈ తనిఖీలను పక్కన పెట్టే వీలు ఇస్తుంది. షాపుల్లో ఎక్కువగా వాడేది అదే.

ఇక్కడ ఒక తేడా చాలా ముఖ్యం. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తీసుకున్న అసలు ఫైలుకు తనిఖీ మాత్రమే తప్పించడం ఒకటి. “లైట్ వెర్షన్, స్పీడ్ వెర్షన్” అంటూ టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే, ఎవరో మార్చిన ఫైలును వేయడం పూర్తిగా వేరొకటి. మొదటిదాంట్లో లోపల ఉన్నది మైక్రోసాఫ్ట్ విండోసే. రెండోదాంట్లో ఏం తీసేశారో, ఏం కలిపారో చేసినవాళ్లకే తెలుసు. బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొట్టే సిస్టంలో అలాంటిది పెట్టుకోవడం నా దృష్టిలో అప్‌డేట్లు లేని విండోస్ 10 కంటే కూడా ప్రమాదం.

ఇప్పుడు అప్‌డేట్ల సంగతి. అర్హత లేని సిస్టంలకు భద్రతా అప్‌డేట్లతో సహా ఏవీ వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ రాతపూర్వకంగానే చెప్పింది. ఆచరణలో మాత్రం ఇప్పటిదాకా నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఈ సిస్టంలకూ వస్తున్నాయి. ఆగిపోతున్నది ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దగ్గర. 22హెచ్2, 23హెచ్2, 24హెచ్2, 25హెచ్2 అనే పేర్లు వాటివే. అర్హత ఉన్న సిస్టంకు కొత్త వెర్షన్ దానంతటదే వస్తుంది. లేనిదానికి రాదు, మళ్లీ ఎవరో ఒకరు అడ్డు దాటించి వేయాలి.

దీని ఫలితం ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక ఇంజినీరింగ్ విద్యార్థి 2024 మొదట్లో ఐ5-6300యూ ల్యాప్‌టాప్ కొన్నాడు. అందులో విండోస్ 11, వెర్షన్ 23హెచ్2. ప్రతి నెలా అప్‌డేట్లు వచ్చాయి, అంతా బాగుందనుకున్నాడు. హోం, ప్రో రకాలకు ఒక్కో వెర్షన్ ఆయుష్షు 24 నెలలు. 23హెచ్2 గడువు 2025 నవంబర్ 11తో ముగిసింది. ఆ తర్వాత నెలవారీ అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. స్క్రీన్ మీద ఉన్నది విండోస్ 11, కానీ భద్రత పరంగా దాని స్థితి గడువు తీరిన విండోస్ 10 లాంటిదే. ఎర్రగా మెరిసే హెచ్చరిక ఏదీ రాకపోవచ్చు. సెట్టింగ్స్‌లో అబౌట్ కింద వెర్షన్ అని ఉండే చిన్న గడి చూస్తే తప్ప తెలియదు. 24హెచ్2కు ఈ గడువు 2026 అక్టోబర్ 13.

టీపీఎం 2.0 గానీ సెక్యూర్ బూట్ గానీ లేని సిస్టం ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఎదురుకావచ్చు. కొన్ని ప్రోగ్రాములు విండోస్‌ను దాటి నేరుగా టీపీఎం ఉందా అని చూస్తాయి. వాలరెంట్ గేమ్ విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉంటేనే తెరుచుకుంటుంది. అవి లేని సిస్టంలో విండోస్ 10 ఉన్నప్పుడు ఆడిన గేమ్, విండోస్ 11 వేయగానే ఆగిపోతుంది. విండోస్‌ను దాటించిన చిట్కా గేమ్ దగ్గర చెల్లదు.

వేగం గురించి చాలా టెన్షన్ పడతారు గానీ, అందులో ఎక్కువ పాత్ర జనరేషన్‌ది కాదు. హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 నరకంగా ఉంటుంది. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజ్), 8 జీబీ ర్యామ్ ఉన్న ఆరో జనరేషన్ ల్యాప్‌టాప్‌లో వర్డ్, బ్రౌజర్, ఆన్‌లైన్ క్లాసులకు ఇబ్బంది ఉండదు.

విండోస్ 10లోనే ఉండిపోతే

దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోవడం లేదు. ఇళ్లలో వాడే విండోస్ 10 సిస్టంలకు మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం పెట్టింది. దాని పేరు ఈఎస్‌యూ. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు అక్కర్లేదు. లేదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఒక్క లైసెన్స్‌తో 10 సిస్టంల దాకా చేర్చుకోవచ్చు. కొత్త సదుపాయాలు, ఫోన్ సాయం లాంటివి ఇందులో ఉండవు, భద్రతా అప్‌డేట్లు మాత్రమే.

సంస్థలకు లెక్క వేరు. మొదటి ఏడాది ఒక్కో సిస్టంకు 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్ల దాకా. విద్యాసంస్థలకు మాత్రం చాలా చవక: మొదటి ఏడాది 1 డాలర్, తర్వాత 2, ఆపై 4. ల్యాబులో నలభై పాత సిస్టంలున్న కాలేజీ అన్నింటినీ అడ్డదారిలో విండోస్ 11కు మార్చి ఏటా మళ్లీ మళ్లీ వేయించుకోవడం కంటే ఈ దారిలో హామీ కూడా దొరుకుతుంది.

ఈఎస్‌యూ తీసుకోకపోతే? బ్రౌజర్లు వెంటనే ఆగవు. తన బ్రౌజర్ ఎడ్జ్‌కు, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ వైరస్ సమాచారానికి 2028 అక్టోబర్ దాకా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. విండోస్ 7కు 2020 జనవరిలో సపోర్ట్ ముగిసినా, క్రోమ్ దానికి 2023 మొదటిదాకా వచ్చింది. ఇవి కొంత రక్షణ ఇస్తాయి, కానీ విండోస్ లోపలి లోపాలను బ్రౌజర్ పూడ్చలేదు.

లినక్స్ మంచిదే, మరి అను ఫాంట్ల సంగతి?

విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్. పాత సిస్టంకు దాన్ని వేయమనే సలహా వినగానే చాలామంది దాటేస్తారు. నిజానికి బ్రౌజర్, వీడియోలు, యూనికోడ్ తెలుగు టైపింగ్ చాలనుకునేవాళ్లకు లినక్స్ మింట్, ఉబుంటు చాలా మంచి దారి. ఆరో జనరేషన్ సిస్టంను అవి పాతదని తోసేయవు, ఉబుంటు 24.04కు 2029 దాకా మామూలు సపోర్ట్ ఉంది. ఇక్కడ నడవడం, అప్‌డేట్, హామీ మూడూ ఒకేచోట దొరుకుతాయి.

అయితే మన ఊళ్లలో కంప్యూటర్ అంటే పెళ్లి కార్డులు, కరపత్రాలు, థీసిస్ టైపింగ్ కూడా. ఆ పని చేసే డీటీపీ సెంటర్లలో పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు ఇంకా బతికే ఉన్నాయి. అను పద్ధతి యూనికోడ్ కంటే వేరు. అందులో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి, ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది. ఏళ్ల తరబడి దాచిన ఫైళ్లన్నీ ఆ రూపంలో ఉన్న సెంటర్‌కు లినక్స్ అంటే పని ఆపుకోవడమే. టాలీకి, కొన్ని బయోమెట్రిక్, డిజిటల్ సంతకం పరికరాల డ్రైవర్లకూ ఇదే ఇబ్బంది.

అలాంటి సెంటర్‌లో నాలుగో జనరేషన్ ఐ3 సిస్టం ఒకటి ఉందనుకుందాం. పేజ్‌మేకర్ 7 లాంటి 32-బిట్ ప్రోగ్రాములకు విండోస్ 11లో సూత్రప్రాయంగా చోటుంది. ప్రశ్న పాత ప్రింటర్, కట్టర్ డ్రైవర్ల దగ్గర వస్తుంది. పదేళ్ల కిందటి పరికరానికి కొత్త డ్రైవర్ రాకపోతే నడుస్తున్న పని ఆగుతుంది. అప్‌గ్రేడ్ అయిన పది రోజుల్లోపు విండోస్ 10కి వెనక్కి వెళ్లే వీలుంది, కానీ శుభ్రంగా ఫార్మాట్ కొట్టి వేస్తే ఆ వీలు ఉండదు. ఇలాంటి చోట కొందరు పనిని రెండుగా విడదీస్తున్నారు. అను ఉన్న పాత సిస్టంకు ఇంటర్నెట్ తీసేసి డీటీపీకి మాత్రమే వాడడం, మెయిల్, బ్యాంకు, ఆన్‌లైన్ దరఖాస్తుల పనులు సపోర్ట్ ఉన్న వేరే సిస్టంలో చేయడం. ఇందులో మిగిలే ప్రమాదం పెన్‌డ్రైవ్. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు నేరుగా అను సిస్టంకు పెడితే ఇంటర్నెట్ తీసేసిన ఫలితం పోతుంది. అందుకని వాటిని ముందు కొత్త సిస్టంలో తెరిచి, స్కాన్ చేసి, కావాల్సిన ఫైలును మాత్రమే సెంటర్ సొంత పెన్‌డ్రైవ్‌లో అటు పంపాలి.